పెద్దగా పేరు లేని హీరోయిన్‌తో చిన్న బడ్జెట్ హారర్-యాక్షన్ సినిమా: డబ్బు, రోజులు ఎక్కడ పెట్టాలి

మీరు అడిగినదాని సారాంశం ఇది. 90 నిమిషాల సినిమా, సగం హారర్, సగం యాక్షన్. ఒకే ఇల్లు, దాని వెనక అడవి. షూటింగ్ 18 రోజులు. హీరోయిన్ ఇంతకుముందు రెండు మూడు చిన్న సినిమాలే చేశారు, కానీ కథంతా ఆమె మీదే నడుస్తుంది. ఉన్న కొద్ది డబ్బు దయ్యం మేకప్, గ్రాఫిక్స్ మీద పెట్టాలా, ఫైట్ల మీద పెట్టాలా అన్నది మీ సందేహం. నా సమాధానం: ముందు ఆ నటి రోజుల మీద పెట్టండి. అంటే రిహార్సల్‌కి, లుక్ టెస్ట్‌కి (మేకప్, బట్టలు కెమెరా ముందు చూసుకోవడానికి), విశ్రాంతికి, సీన్లు సరైన వరసలో తీయడానికి. మిగిలింది దయ్యానికి.

ఎందుకో చెబుతాను. పేరున్న హీరోయిన్ తెర మీదికి రాగానే ఆమె చివరిదాకా బతుకుతుందని ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. పేరు లేని నటి విషయంలో ఆ భరోసా ఉండదు, ఇంటర్వెల్‌కి ముందే చనిపోవచ్చు. ఈ అనిశ్చితి మీకు ఉచితంగా దొరికింది. అయితే పేరున్నవాళ్లుంటే సీను నీరసంగా ఉన్నా జనం వాళ్ల కోసం కూర్చుంటారు. ఇక్కడ అలా కూర్చోరు. ఆమె భయం నమ్మేలా లేకపోతే ఎంత ఖరీదైన మేకప్ వేసిన దయ్యాన్ని తెచ్చి నిలబెట్టినా హాల్లో నవ్వులే వినిపిస్తాయి.

1978లో జాన్ కార్పెంటర్ ‘హాలోవీన్’ తీసినప్పుడు హీరోయిన్ జేమీ లీ కర్టిస్‌కి అదే మొదటి సినిమా. బడ్జెట్ సుమారు 3 లక్షల డాలర్లు, షూటింగ్ దాదాపు మూడు వారాలు. హంతకుడి ముసుగు కోసం ‘స్టార్ ట్రెక్’ కెప్టెన్ కర్క్ రబ్బరు ముసుగు ఒకటి కొని, కంటి రంధ్రాలు పెద్దవి చేసి, తెల్ల రంగు వేశారు. ముసుగు ఖర్చు అంతటితో అయిపోయింది. సీన్లు కథ వరసలో తీయలేదు కాబట్టి ఏ సీన్లో ఎంత భయపడాలో ఆమెకి తెలియడం కోసం కార్పెంటర్ ఒక ‘భయం మీటరు’ పెట్టుకున్నారు. మీరు కూడా మొదట చేయాల్సిన పని అదే. దీనికి ఒక సాయంత్రం చాలు.

స్క్రిప్టు ముందు పెట్టుకుని హీరోయిన్ ఉన్న ప్రతి సీనుకీ ఒక వరస రాయండి: సీను నంబరు, కథలో సమయం, భయం ఎంత (1 నుంచి 10), ఊపిరి ఎలా ఉంది (మామూలు, బిగబట్టి, ఆయాసం, ఏడుపు కలిసిన ఆయాసం), ఒంటి మీద దెబ్బల దశ, బట్టల దశ, జుట్టు ఎలా ఉంది, చేతిలో ఏముంది. అంకెలు వేసేటప్పుడు 10ని ఒక్క సీనుకే ఇవ్వండి. చాలా సినిమాల్లో ఇరవయ్యో నిమిషానికే హీరోయిన్ 10కి వెళ్లిపోతుంది, తర్వాత గంట సేపు వెళ్లడానికి ఇంకెక్కడా చోటు ఉండదు. 4 నుంచి 6కి, 6 నుంచి మళ్లీ 3కి దిగి, అక్కడి నుంచి ఒక్కసారిగా 8కి ఎక్కితే భయం పని చేస్తుంది. ఈ పట్టిక కాపీ నటికి, మేకప్‌కి, కాస్ట్యూమ్స్‌కి, కంటిన్యూటీ చూసే అసిస్టెంటుకి, ఎడిటర్‌కి ఇవ్వండి. సెట్లో ‘ఇంకొంచెం భయపడండి’ అనే మాట ఎవరి నోటా రాకూడదు. ‘ఇది 6, మనం నిన్న తీసింది 7’ అని చెప్తే ఆమెకి పట్టుకోవడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

ఇక షెడ్యూలు. పేజీకి సుమారు నిమిషం లెక్కన 90 పేజీల స్క్రిప్టు, 18 రోజులు అంటే సగటున రోజుకి 5 పేజీలు. ఈ సగటును నమ్ముకుంటే దెబ్బ తింటారు. ఇంట్లో ఇద్దరు కూర్చుని మాట్లాడే సీన్లు చిన్న యూనిట్‌తో రోజుకి 6, 7 పేజీలు అవుతాయి. ఫైట్ ఉన్న రోజు 2 పేజీలు అయితే గొప్ప. యాక్షన్ మొత్తం 12 పేజీలు ఉందనుకుంటే దానికే 6 రోజులు పోతాయి, మిగతా 78 పేజీలకి 12 రోజులు, అంటే రోజుకి ఆరున్నర పేజీలు. ఈ లెక్క మొదటే కాగితం మీద పెడితే, యాక్షన్ 12 పేజీల నుంచి 8కి తగ్గించాలో లేదో ఇప్పుడే తేలిపోతుంది. పదిహేనో రోజు రాత్రి రెండు గంటలకి సెట్లో నిలబడి తేల్చుకోవాల్సిన అవసరం రాదు.

క్లైమాక్స్‌ని చివరి రెండు రోజుల్లో పెట్టకండి. చిన్న సినిమాల్లో క్లైమాక్స్ చుట్టేసినట్టు కనిపించడానికి మొదటి కారణం ఇదే: ముందు రోజుల బాకీ అంతా దాని నెత్తిన పడుతుంది. మీ 18 రోజుల్ని ఇలా పంచుకోండి. మొదటి 4 రోజులు కథ మొదట్లో వచ్చే మామూలు సీన్లు, ఆమె శుభ్రంగా, నిద్ర చాలిన ముఖంతో ఉండేవి. 5 నుంచి 9 దాకా మధ్య భాగం, చిన్న దెబ్బలు, మురికి. 10 నుంచి 15 దాకా పెద్ద ఫైటు, క్లైమాక్స్. చివరి 3 రోజులు చేతులు, కాళ్లు, తలుపు గడియలు, డూప్ షాట్లు, మిగిలిపోయినవి. శుభ్రమైన సీన్లు ముందే తీయడానికి ఇంకో కారణం కూడా ఉంది. రెండు వారాల రాత్రి షూటింగ్ తర్వాత ఏ నటికైనా కళ్ల కింద నల్లబడుతుంది, మోకాళ్ల మీద నిజం దెబ్బలు ఉంటాయి, నకిలీ రక్తం కోసం రంగు కలిపిన పాకంతో తడిసి తడిసి జుట్టు పాడవుతుంది. అప్పుడు తొలి సీన్లు తీస్తే మేకప్ ఎంత వేసినా ముఖం మోసం చేయదు. పైగా నిండా రక్తం పూసిన మనిషిని కడిగి మళ్లీ శుభ్రంగా కెమెరా ముందుకు తేవడానికి గంట నుంచి గంటన్నర పడుతుంది. రోజుకి ఒకసారి అటూ ఇటూ మార్చినా వారంలో ఒక పూట పోయినట్టే.

బట్టల విషయంలో చాలామంది పొదుపు చేసి నష్టపోతారు. 1974లో వచ్చిన ‘ది టెక్సాస్ చైన్ సా మాసకర్’లో హీరోయిన్ మారిలిన్ బర్న్స్ ఒకే జతతో పని చేశారు. షూటింగ్ చివరికి రక్తం రంగు ఎండిపోయి ఆ బట్టలు దాదాపు గట్టిపడిపోయాయి. మీకు ఒకే డ్రస్సు కథంతా ఉంటే కనీసం 8 జతలు కావాలి: శుభ్రమైనవి 2, మాసి చిరిగినవి 2, రక్తం పట్టినవి 2, డూప్‌కి 2. అన్నీ ఒకేసారి, ఒకే లాటులో కొనండి. నెల తర్వాత అదే రంగని తెచ్చినది తెర మీద వేరే రంగుగా కనిపిస్తుంది. కొన్న వెంటనే అన్నిటినీ మూడు నాలుగు సార్లు ఉతికితే కొత్తదనం పోతుంది. ఆ తర్వాత మోచేతులు, మోకాళ్లు, అంచుల దగ్గర ఇసుక కాగితంతో రుద్ది, టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టండి. చిరుగులు ఒక జత మీద పెట్టి ఫొటో తీసి, మిగతా వాటి మీద టేపుతో కొలిచి అదే చోట అదే పొడవు చింపాలి. ఒక జతను మాత్రం ఏమీ చేయకుండా దాచి ఉంచండి.

డ్రస్సు రంగు నలుపు అయితే రక్తం కనపడదు, తెలుపు అయితే చీకటి సీన్లలో కళ్లు దాని మీదికే పోయి ముఖం కనపడదు. వెలిసిన పసుపు, లేత నీలం, బూడిద రంగు బాగుంటాయి. పల్చటి కాటన్ తడిస్తే ఒళ్లు కనపడుతుంది. వాన, రక్తం, నీళ్ల సీన్లు ఉంటే లోపల ఒంటి రంగు లోదుస్తుల ఏర్పాటు నటితో ముందే మాట్లాడి ఖాయం చేసుకోవాలి. ఫైట్లో మోకాలికి, మోచేతికి, వీపుకి ప్యాడ్లు కడతారు కాబట్టి, ఫైట్ కంపోజ్ అయ్యాకే డ్రస్సు కొలతలు ఇవ్వండి. బిగుతు పొట్టి చేతుల డ్రస్సు కుట్టించాక ప్యాడ్లు పెట్టే చోటుండదు, ఆ దెబ్బ నేరుగా ఆమె ఎముక మీద పడుతుంది.

రక్తం తయారీ: 1 లీటరు గ్లూకోజ్ సిరప్, 150 నుంచి 200 మి.లీ. నీళ్లు, ద్రవరూపంలో ఉండే ఎర్ర ఫుడ్ కలర్ 25 నుంచి 30 మి.లీ., నీలం 4 లేదా 5 చుక్కలు, కోకో పొడి 2 టేబుల్ స్పూన్లు. కోకోని ముందు గోరువెచ్చటి నీళ్లలో ముద్దగా కలిపి తర్వాత సిరప్‌లో పోయాలి, లేకపోతే ఉండలు కడుతుంది. కోకో ఎందుకంటే, అది లేకపోతే సిరప్ గాజులా పారదర్శకంగా ఉండి లైటు పడగానే గులాబీ రంగులోకి పోతుంది. నీలం చుక్కలు ఎక్కువైతే ఊదా రంగు తేలుతుంది, అందుకే చుక్క చుక్కగా వేసి చూడండి. బట్టల మీద వేసేదానికి మాత్రం గిన్నెలు తోమే లిక్విడ్ సోపు ఒక స్పూను కలిపితే ఉతికినప్పుడు వదులుతుంది. నోట్లో పెట్టుకునే రక్తం సీసా వేరు, దాని మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి, అందులో సోపు ఉండకూడదు. పాత రక్తం కావాలంటే కోకో రెట్టింపు చేసి నీళ్లు తగ్గించండి. ఈ సినిమాకి మొత్తం 6 నుంచి 8 లీటర్లు సరిపోతుంది. లైట్ల వేడికి అరగంటలో పైన పొర కట్టి మెరవడం మొదలవుతుంది. స్ప్రే బాటిల్లో నీళ్లు పట్టుకుని ఒకరు దగ్గరే ఉండాలి. పాలిస్టర్ మీద ఇది ఇంకకుండా ముత్యాల్లా జారిపోతుంది, కాటన్ పీల్చుకుని ముదురుతుంది. కాబట్టి టెస్టు అసలు బట్ట మీద, అసలు లైటు కింద, అసలు కెమెరాతో చేయాలి. రంగు చర్మం మీద రెండు రోజులు ఉండిపోవచ్చు, లుక్ టెస్ట్ రోజు మణికట్టు లోపలి వైపు రాసి చూడండి.

ముఖం మీద అతికించే ప్రాస్థెటిక్స్ (నకిలీ చర్మం, గాయాల ముక్కలు) వాడితే జిగురు అలర్జీ పరీక్ష కనీసం రెండు రోజుల ముందు. జెలటిన్‌తో చేసిన గాయాలు చవక, కానీ చెమటకీ వేడికీ కరుగుతాయి, ఒకే రోజు రెండో సీనుకి మళ్లీ కొత్తవి కావాలి. సిలికాన్ ఖరీదు, కానీ నిలబడుతుంది. తీయడానికి అరగంట, ముప్పావుగంట పడుతుంది. ఆ సమయం కూడా ఆమె పని గంటల్లోనే వేయాలి. పీకేస్తే చర్మం లేస్తుంది. కనుగుడ్డు మొత్తం కప్పే లెన్సులు కంటి వైద్యుడు కొలత చూసి ఇచ్చినవే పెట్టాలి, పొగ, దుమ్ము ఉన్న సెట్లో పెట్టకూడదు. అవి పెట్టుకున్నవాళ్లకి పక్కలు సరిగ్గా కనపడవు కాబట్టి పరుగు, ఫైటు వద్దు.

ఇప్పుడు అసలు పని, అంటే ఆమె చూసే షాట్లు. దయ్యాన్ని చూపించే షాటు ఒకటైతే, ఆమె దాన్ని చూస్తున్న షాట్లు మూడు ఉండాలి: ముందు విన్నది, తర్వాత అర్థమైంది, ఆ తర్వాత చూసింది. ఈ మూడూ వేరు వేరు ముఖాలు. ఒకే క్లోజప్‌లో మూడూ తీయాలనుకుంటే టేకు 20, 25 సెకన్లు నడవనివ్వండి, తొందరపడి కట్ చెప్పకండి. చూపు ఎక్కడ నిలపాలో చెప్పడానికి స్టాండుకి టేపు ముక్క అంటించి ‘అక్కడ చూడండి’ అంటే కళ్లు చచ్చిపోతాయి. ఏడడుగుల ఆకారం అయితే స్టూలు మీద ఒక మనిషిని నిలబెట్టి మెల్లగా కదలమనండి, అడుగుల చప్పుడు చేయించండి. ఆ చప్పుడు ఎడిట్లో తీసేయవచ్చు. కళ్లలో దూరం మారడం, కనుపాప సర్దుకోవడం మాత్రం గ్రాఫిక్స్‌లో రాదు. ఉలిక్కిపడే షాట్‌కి నిజంగా ఉలిక్కిపడేలా చప్పుడు చేయాలనుకుంటే ‘ఈ టేకులో ఎప్పుడో ఒకసారి చప్పుడు వస్తుంది’ అని ఆమెకి ముందే చెప్పి ఒప్పించుకోండి. మొదటి టేకే పని చేస్తుంది, రెండోసారి శరీరం ముందే సిద్ధమైపోతుంది. కాబట్టి కెమెరా, ఫోకస్ పూర్తిగా సిద్ధమయ్యాకే చేయాలి.

అరుపులు. ఇది ఎవరూ షెడ్యూల్లో రాయరు. పొద్దున్నే అరిచే సీను పెట్టి, మధ్యాహ్నం డైలాగు సీను పెడితే సింక్ సౌండ్ (సెట్లోనే రికార్డు చేసే మాటలు) మొత్తం బొంగురుగా వస్తుంది. అరుపులు రోజు చివరికి, వీలైతే వారం చివరి రోజుకి పెట్టండి. గొంతు పూర్తిగా ఎత్తి అరిచేవి 3, 4 టేకులకి మించి వద్దు. మిగతా యాంగిల్స్‌లో నోరు తెరిచి, మెడ నరాలు బిగించి, శబ్దం లేకుండా గాలి వదిలితే చాలు. ప్యాకప్ ముందు మైకు దగ్గర పెట్టి అరుపులు విడిగా రికార్డు చేసుకోండి. అలాగే ఆయాసం నటించడం ఎక్కువసేపు చేస్తే నిజంగానే కళ్లు తిరుగుతాయి, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. అర నిమిషం దాటాక కట్ చెప్పి కూర్చోబెట్టండి. మెట్ల మీద, డాబా అంచున ఉన్న షాట్లో ఇది మరీ ముఖ్యం.

ఫైట్లకి వస్తే, శిక్షణ లేని నటితో 40 దెబ్బల ఫైట్ కంపోజ్ చేయకండి. 10, 12 కదలికలు, అవి కూడా మూడేసి ముక్కలుగా చేయాలి. ప్రతి ముక్కా ఒక షాటు. రోజుకి 2 గంటల చొప్పున కనీసం 6 రోజులు రిహార్సల్ కావాలి. చివరి రెండు రోజులు అసలు లొకేషన్లో, అసలు చెప్పులతో, ఫోనుతో వీడియో తీసి ఎడిట్ చేసి చూడండి. ఆ వీడియోలో పని చేయనిది సెట్లో కూడా పని చేయదు.

దెబ్బ తగిలినట్టు కనిపించడం కెమెరా పని. పిడికిలి ముఖానికి 20, 30 సెంటీమీటర్ల ముందు నుంచే పోతుంది. కెమెరా కొట్టేవాడి భుజం వెనక గానీ, దెబ్బ తినేవాడి భుజం వెనక గానీ ఉండి, పిడికిలీ ముఖమూ ఒకే గీత మీద పడితే ఖాళీ కనపడదు. 50 నుంచి 85 మి.మీ. లెన్సు వాడి వెనక్కి జరిగితే దూరాలు దగ్గరైనట్టు ఉంటాయి. 18 మి.మీ. పెట్టుకుని దగ్గరికి వెళ్తే ఖాళీ బండారం బయటపడుతుంది. దెబ్బ తినే మనిషి తల పక్కకి తిప్పే సమయం అన్నిటికంటే ముఖ్యం. పిడికిలి ముఖం గీత దాటిన క్షణంలోనే తల కదలాలి. ముందు కదిలితే తప్పించుకున్నట్టు, ఆలస్యమైతే నటించినట్టు ఉంటుంది. వేగం కోసం సెకనుకు 22 ఫ్రేములతో తీసి 24తో వేస్తే కదలిక 9 శాతం పెరుగుతుంది. అంతకంటే తగ్గిస్తే జుట్టు, కనురెప్పలు పట్టించేస్తాయి.

గొంతు పట్టుకునే సీను: పట్టుకునేవాడి చెయ్యి గొంతు మీద కాదు, కిందికి, మెడ కింద అడ్డంగా ఉండే కాలర్ ఎముకల మీద ఆనాలి, ఒత్తిడి సున్నా. ఆమె రెండు చేతులతో అతని మణికట్టు పట్టుకుని తన వైపు లాక్కుంటూ పెనుగులాడుతున్నట్టు చేస్తుంది, అంటే చెయ్యి ఎక్కడుండాలో ఆమె చేతిలోనే ఉంటుంది. జుట్టు పట్టి ఈడ్చే సీనూ ఇంతే. అతను పిడికిలి మూసి తల మీద ఆనిస్తాడు, వేళ్ల మధ్య జుట్టు ఉండదు. ఆమె రెండు చేతులతో ఆ పిడికిలిని తల మీదే అదిమి పట్టుకుని, కాళ్లతో నేలను తోసుకుంటూ కదులుతుంది. బరువంతా ఆమె చేతుల మీద ఉంటుంది, కుదుళ్ల మీద పడదు. చూసేవాళ్లకి మాత్రం భయంకరంగా ఉంటుంది. నోరు కట్టేసే సీన్లో మాట రాదు కాబట్టి రెండుసార్లు తట్టడం ‘ఆపండి’ అనే గుర్తు. అది యూనిట్ మొత్తానికి తెలియాలి. తాళ్ల ముడి ఒక్క లాగుతో ఊడిపోయేది వేయాలి, కత్తెర పట్టుకున్న మనిషి ఫ్రేము బయటే ఉండాలి.

ఆయుధం ఒక్కటే అయినా మూడు రకాలుగా కావాలి. క్లోజప్‌కి మొద్దుబారిన లోహం, మిడ్ షాట్‌కి గట్టి రబ్బరు లేదా చెక్క, ఒంటికి తగిలే షాట్‌కి ఫోమ్. ‘టెక్సాస్’ సినిమాలోనే కత్తి వెనక రక్తం వచ్చే గొట్టం పని చేయకపోవడంతో మారిలిన్ బర్న్స్ వేలిని నిజంగానే కోశారు. ఎఫెక్టు పని చేయకపోతే షాటు మార్చుకోండి. వేలి క్లోజప్, తర్వాత ఆమె ముఖం, తర్వాత నేల మీద చుక్క. మూడు షాట్లు, ఒక్క గీత కూడా పడదు. మెట్ల మీద నుంచి దొర్లే షాటు డూప్ లేకుండా అసలు వద్దు. కాలు జారడం, చెయ్యి రెయిలింగ్ అందుకోలేకపోవడం, కింద పడి ఉన్న మనిషి, మధ్యలో చప్పుడు. ప్రేక్షకుడు మిగతాది తనే చూసుకుంటాడు. నిజం గాజు పగలగొట్టకండి, సినిమా కోసం చేసే రెజిన్ గాజు తెప్పించుకుంటే ఒకటి షాట్‌కి, రెండు తప్పిదాలకి, మొత్తం మూడు. ఆ సీన్లో చెప్పులు లేకుండా ఎవరూ నడవకూడదు.

తుపాకీ ఉంటే బ్లాంకులు (మందు ఉండి బుల్లెట్ లేని తూటాలు) వద్దే వద్దు. 1984లో నటుడు జాన్ ఎరిక్ హెక్సమ్ సెట్లో బ్లాంకు నింపిన రివాల్వర్ కణతకి ఆనించుకుని పేల్చుకున్నాడు, బుల్లెట్ లేకపోయినా ఆ ఒత్తిడికే పుర్రె దెబ్బతిని చనిపోయాడు. 1993లో నటుడు బ్రాండన్ లీ చనిపోయింది, అంతకుముందు వాడిన డమ్మీ తూటా మొన గొట్టంలో ఇరుక్కుని ఉండగా వెనక నుంచి బ్లాంకు పేలడం వల్ల. 2021 అక్టోబర్ 21న ‘రస్ట్’ సెట్లో సినిమాటోగ్రాఫర్ హలీనా హచిన్స్ నిజం తూటాకి బలయ్యారు. మీ సైజు యూనిట్లో ఆయుధాలు చూసుకునే నిపుణుడు ఉండడు. పేలని నకలు తుపాకీ పట్టుకుని, పేలినప్పుడు వచ్చే మంటను ఎడిట్లో 1 లేదా 2 ఫ్రేములు వేయండి. నమ్మించేది మంట కాదు, అదే ఫ్రేములో ఆమె ముఖం మీద పడే వెలుగు. చిన్న ఎల్ఈడీ ప్యానెల్‌ని చేత్తో వెలిగించి ఆర్పితే చాలు. కెమెరా ఫ్లాష్ వాడితే రోలింగ్ షట్టర్ (ఫ్రేమును ఒకేసారి కాకుండా వరసగా చదివే పద్ధతి) వల్ల ఫ్రేములో సగానికే వెలుగు పడుతుంది. అడవిలో తీసేటప్పుడు పోలీసులకి, చుట్టుపక్కలవాళ్లకి ముందే చెప్పాలి. నకలుదని దూరం నుంచి ఎవరికీ తెలియదు.

రాత్రి సీన్లన్నీ రాత్రే తీయాలని లేదు. ఇంటి లోపలివి కిటికీలకి బయట నుంచి నల్ల గుడ్డ కొట్టి పగలే తీయండి. అడవిలో దూరం షాట్లు సూర్యుడు దిగాక వచ్చే 20, 30 నిమిషాల్లో తీస్తే ఆకాశం నీలంగా ఉండి చెట్ల ఆకారం తెలుస్తుంది. డే ఫర్ నైట్ (పగలు తీసి రాత్రిలా చూపడం) చేస్తే ఆకాశం ఫ్రేములోకి రాకూడదు, సూర్యుడు ఆమె వెనక ఉండాలి, ఒకటిన్నర నుంచి రెండు స్టాపులు తక్కువ ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ 3200 కెల్విన్ దగ్గర. చేతిలో టార్చి ఉన్న సీనుకి ఇది పనికిరాదు, ఎండలో టార్చి వెలగదు. నిజం రాత్రి తీసేటప్పుడు ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా సున్నితత్వం) పెంచి చీకటిని చీకటిగానే తీస్తే గ్రెయిన్స్, అంటే చుక్కలు వస్తాయి. కాస్త ఎక్కువ వెలుగుతో తీసి డీఐలో (ఎడిట్ తర్వాత రంగులు, వెలుగు సరిచేసే దశలో) దించండి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట ట్యూబులైట్లు, చవక ఎల్ఈడీలు మినుకుమినుకుమనకుండా 24 ఫ్రేములకి షట్టర్ 172.8 డిగ్రీలు, 60 హెర్ట్జ్ ఉన్నచోట 144 డిగ్రీలు పెట్టుకోవాలి. పొగ వేస్తే ఫ్యాన్లు ఆపి, టేకుకీ టేకుకీ మధ్య ఒకే చిక్కదనం వచ్చేదాకా ఆగండి. లేకపోతే వైడ్ షాట్‌లో ఉన్న పొగ క్లోజప్‌లో మాయమవుతుంది.

2007లో ప్రదర్శనకి వచ్చిన ‘పారానార్మల్ యాక్టివిటీ’ని ఓరెన్ పెలి తన ఇంట్లోనే 7 రోజుల్లో, సుమారు 15 వేల డాలర్లతో తీశారు. హీరోయిన్ కేటీ ఫెదర్‌స్టన్ అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ సినిమాలో భయం చాలా మటుకు ఖాళీ గది, తలుపు, కింద నుంచి వచ్చే చప్పుడే. అందుకని మీ సౌండు మనిషిని మొదటి రోజు నుంచీ పెట్టుకోండి. ప్రతి గదిలో ఎవరూ కదలకుండా 60 సెకన్ల నిశ్శబ్దం రికార్డు చేయాలి. ఆమె ఊపిరి నాలుగు రకాలు, ఒక్కోటి అర నిమిషం. ఆ ఇంటి నేల మీద ఆమె అడుగులు, ఆ ఇంటి తలుపులు, గడియలు. రక్తం పాకం కాలర్ మైకులోకి పోతే అది మళ్లీ పని చేయదు. తడి సీన్లకి బూమ్ (కర్రకి కట్టి ఫ్రేము బయట పట్టుకునే మైకు) ఒక్కటే నమ్ముకోండి, తర్వాత డబ్బింగ్ అనుకోండి.

అగ్రిమెంటు విషయం సూటిగా చెప్పాలి. పేరు లేని నటి ‘కాదు’ అంటే అవకాశం పోతుందేమోనని సెట్లో అన్నిటికీ తల ఊపుతుంది. దాన్ని ఒప్పుకోలు అనుకోవద్దు. సంతకం రోజే ఒక పేజీ జాబితా ఇవ్వండి: నీళ్లలో మునగడం, కట్టేయడం, గొంతు పట్టుకోవడం, పురుగులు, ఎత్తు, బట్టలు చిరగడం, శరీరం కనిపించే షాట్లు. ప్రతిదానికీ ఎంతవరకు అన్నది ఆమె చేత రాయించండి. జాబితాలో లేనిది సెట్లో కొత్తగా అడగకూడదు. రెండు రోజుల పనికి మధ్య కనీసం 11 గంటల విరామం, రాత్రి నుంచి పగటి షెడ్యూలుకి మారేటప్పుడు ఒక రోజు ఖాళీ. ప్రమాద బీమాలో ఆమె పేరు, డూప్ పేరు రెండూ ఉండాలి.

చివరగా అమ్మకం. హీరోయిన్ పేరు చూసి కొనేవాళ్లు లేరు కాబట్టి కొనేవాళ్లు చూసేది స్టిల్సు, ట్రైలరు. క్లైమాక్స్ రోజులతో కలిపి కనీసం 4 రోజులు స్టిల్ ఫొటోగ్రాఫర్ ఉండాలి. సినిమాలోంచి ఫ్రేము తీసి పోస్టర్ చేద్దామంటే యాక్షన్ ఫ్రేములన్నీ కదిలిపోయి ఉంటాయి. ఇంకోటి, డైలాగులు లేకుండా సంగీతం, ఎఫెక్ట్స్ మాత్రమే ఉన్న ఎం అండ్ ఈ ట్రాకు. వేరే భాషలో డబ్ చేయడానికి కొనేవాళ్లు మొదట అడిగేది ఇదే. సింక్ సౌండ్‌లో డైలాగు ట్రాకు మ్యూట్ చేయగానే అడుగులు, బట్టల చప్పుడు, తలుపులు అన్నీ దాంతోపాటే పోతాయి, ఆ ఖాళీలన్నీ మళ్లీ నింపాలి. ఆమె అరుపులు, ఊపిరి కూడా డైలాగు ట్రాకులో కలపకుండా విడి ట్రాకులో ఉంచమని మిక్సింగ్ ఇంజనీర్‌కి పని మొదలవ్వకముందే చెప్పండి. అప్పుడు ఏ భాషలోకి వెళ్లినా అరుపు ఆమెదే ఉంటుంది.